నలభై మూడు మోళ్లు

"నేనే కొట్టిన" అంది ఎంకవ్వ. నేను ఆ మాటను ఇంగ్లిష్‌లోకి మార్చి నంబియార్ సార్‌కి చెప్పేశాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు. ఆ రెండు సెకన్లలో ఏం చేశానో తెలియడానికి మాత్రం మర్నాడు పొద్దున దాకా పట్టింది.

2008 ఫిబ్రవరి అది. ఆర్మూర్ నుంచి భీమ్‌గల్ పోయే దారిలో ఎర్రగుట్ట ఉంది, దాని వాలు కింద ఒక కాగితం కంపెనీ నీలగిరి తోటలు వేసింది. ఆ తోటలకు అడవి సర్టిఫికెట్ ఇవ్వొచ్చా లేదా అని చూడటానికి వచ్చాం మేం. సహజంగా పెరిగిన అడవిని నరకకుండా, అక్కడి మనుషుల నోరు కొట్టకుండా పెంచిన చెట్లతో చేసిన కాగితమైతే దానిమీద ఒక ఆకుపచ్చ ముద్ర పడుతుంది. ముద్ర ఉంటే విదేశాల్లో కొంటారు, లేకపోతే కొనరు. ఎంత మంచి ఆలోచన! హైదరాబాద్‌లో పర్యావరణం చదివి, ఆ సంస్థలో చేరి నాలుగు నెలలైంది నాకు. వాళ్ల నియమాల కాగితం మా హాస్టల్ గదిలో మంచం పైన గోడకి అంటించుకున్నాను. మొదటి ఫీల్డ్ ట్రిప్పే మా నాన్న వాళ్లన్న, పెద్దబాపు ఉండే ఊరికి పడేసరికి ఎగిరి గంతేశాను. నా పని అనువాదం. ఆడిటర్ నంబియార్ సార్‌ది బెంగళూరు, తెలుగు రాదు. ఆయన అడిగింది తెలుగులో అడగాలి, వాళ్లు చెప్పింది ఇంగ్లిష్‌లో చెప్పాలి.

గుట్ట అంచున ఒక వారగా నల్లమద్ది చెట్లు కొట్టేసి ఉన్నాయి. మోళ్లే మిగిలాయి, నలభై మూడు. వాటి పక్కనే, మోకాలెత్తు నీలగిరి మొక్కలు కొత్తగా వరసలు కట్టి ఉన్నాయి. సహజ అడవి కొట్టి తోట పెంచారని తేలితే కంపెనీకి సర్టిఫికెట్ రాదు. అదే అసలు ప్రశ్న. గుట్ట కింది వాడ ఆడవాళ్లు ముప్పై మంది దాకా వచ్చి నిలబడ్డారు. కంపెనీ తోటల మేనేజర్ గంగాకిషన్ అందరికీ టీ, సమోసాలు పంచి, జీపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఈ చెట్లు ఎవరు కొట్టారో అడుగు" అన్నాడు నంబియార్ సార్.

అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి ఒక ముసలామె వైపు చూశారు. ఆమె ఎంకవ్వ. అరవై దాటి ఉంటాయి, నడుముకి కొడవలి చెక్కుకుని ఉంది. ముందుకొచ్చింది, కొంగు సర్దుకుంది, పెళ్లిచూపుల్లో పేరు చెప్పినట్టు చెప్పింది.

"నేనే కొట్టిన."

"అన్నీనా?"

"అన్నీ. నలభై మూడు. పొద్దుగాల్లొచ్చి లెక్కవెట్టుకున్న."

"ఎందుకు కొట్టావు?"

"ఎందుకేంది బిడ్డా, పొయ్యిలకు."

ఆడవాళ్లు తలలూపారు. ఒకామె చిన్నగా "మంచిగైంది" అని కూడా అంది. సార్ రాసుకున్నాడు, పేరు అడిగాడు, నేను అక్షరం అక్షరం చెప్పాను. స్టాంప్ ప్యాడ్ నా బ్యాగులోనే ఉంది. నేనే తీసి ఇచ్చాను, ఎంకవ్వ బొటనవేలు వేసింది. గంగాకిషన్ నాకు ఇంకో సమోసా ఇచ్చాడు. తిన్నాను కూడా!

మర్నాడు పొద్దున పెద్దబాపు మోపెడ్ వేసుకుని నేను గుట్ట దగ్గరికి వెళ్తే, ఎక్కే దారికి అడ్డంగా ముళ్లతీగ ఉంది. ఐదు వరసలు. కర్రలకి ఇంకా పచ్చిమట్టి. ఒక రేకు మీద పెయింట్‌తో 'రక్షిత ప్రాంతం, ప్రవేశం నిషిద్ధం' అని రాసి కట్టారు. ఇవతల ఆడవాళ్లు నిలబడ్డారు. పసుపు ఉడికే రోజులు. ఈ నెలన్నర గుట్ట మీద ఎండుకట్టె ఏరి కళ్లాలకు మోస్తేనే వాళ్లకి పని, వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగాలన్నా ఆ కట్టే.

"ఇదేంటి?" అన్నాను గంగాకిషన్‌తో.

"గదేంది మేడం, మీ సారే గదా రాసిండు. ఊరోళ్లు అక్రమంగ నరుకుతున్నరు, కంపెనీ అడవిని కాపాడాలె అని. కాపాడుతున్నం." నవ్వాడు. "ముసలిదాని మీద కేసు గూడ అయితదేమో. మాకేం పగనా? రూల్సు మేడం, మీ రూల్సే."

అప్పుడొచ్చింది రూత్. ముప్పై ఏళ్లుంటాయి, వాడలో ఆడవాళ్ల సంఘం లెక్కల పుస్తకం రాసేది ఆమే. నా ఎదురుగా వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఏం జెప్పినవమ్మా నిన్న గా టోపీ సార్‌కు?"

"ఆమె చెప్పిందే చెప్పాను."

"కొట్టిందనే చెప్పినవా?"

"కొట్టానని ఆమే అందిగా!"

"అవ్వ నడుముకున్న కొడవలి చూసినవా లేదా? కొడవలితోని గంత మాను తెగుతదా? హైదరాబాద్‌ల నీకేం చదువు జెప్పిన్రు, జర నాక్కూడ చెప్పు, మా పిల్లను గా బడికి తోలకుంట ఉంట."

నా చెయ్యి పట్టుకుని తీగ చివర సందులోంచి లోపలికి లాక్కెళ్లింది, ఒక మోడు ముందు కూర్చోబెట్టింది. పళ్లెంలా చదునుగా ఉంది కోత. మిషను రంపం కోత. నిన్న గంటసేపు వీటి మధ్యే తిరిగాను. ఫొటోలు తీశాను. ఒక్క దాన్నీ చూడలేదు.

"మరి ఎందుకు చెప్పింది?"

"వరుస గదా" అంది రూత్, ఇది కూడా తెలీదా అన్నట్టు.

తర్వాత చెప్పింది. పన్నెండేళ్ల కింద ఈ గుట్ట బోడిగా ఉండేదట. ఎవడు నరికాడు, ఎవడు నరికాడు అని ఊరు రెండుగా చీలి కొట్టుకున్నారు, తలలు పగిలాయి, దొంగ మాత్రం దొరకలేదు. అప్పుడు వాడ ఆడవాళ్లు కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నారు. గుట్ట మీదికి గొడ్డలి రావద్దు, కొడవలికి తెగినంతే తేవాలి. ఎవరిదో తెలియని మోడు కనిపిస్తే, ఎవరు కొట్టారని దేవులాడొద్దు. ఆ ఏడు వరుస ఎవరిదైతే వాళ్లు అందరి ముందు "నేనే కొట్టిన" అనాలి. అన్నవాళ్ల పేరు మీద మోడుకి పది గుంతలు తవ్వి గింజలు పెట్టాలి. మిగతా అందరూ వచ్చి తవ్వుతారు.

"పేరు ఒక్కలది, పని అందరిది. గిట్లనే లేసింది గీ గుట్ట" అంది రూత్. "మా పాస్టర్‌నడిగితే, అబద్ధమాడుడు పాపమే గని గిది అబద్ధమని నేననను అన్నడు. ఈ ఏడు వరుస ఎంకవ్వది. పెద్ద సార్ వచ్చి అందరి ముందట అడిగిండు గదా, అడిగితే చెప్పాలె గదా మరి. మోళ్లు తమ మీదికి ఎత్తుకునేటోళ్లు ఉన్నరు, గుట్టకు ఫికర్ లేదు అని సార్‌కు తెల్వాలె గదా. మేం మంచిగనే చెప్పినమని మురిసినం."

మురిసిపోయారట! మంచి మాట చెప్పామని మురిసిపోయారు, నేను దాన్ని దొంగతనంగా మార్చి చేతికిచ్చాను. మా ఫారంలో రెండు వందల పదహారు ప్రశ్నలున్నాయి. అడవిలో పాముల గురించి ఉంది, పురుగుమందు డబ్బాలు ఎక్కడ పారేస్తున్నారో ఉంది, తోటల్లో హెల్మెట్లు పెట్టుకుంటున్నారా అనీ ఉంది. పోయిన చెట్టుకి ఎవరు పూచీ పడుతున్నారు అని ఒక్క ప్రశ్న లేదు. పన్నెండేళ్లు గుంతలు తవ్వి గుట్టను లేపినవాళ్లకి ఒక్క గడి లేదు. కొట్టినవాడు ఎవడో చెప్పు, వేలిముద్ర వెయ్యి, అంతే.

ఆర్మూర్‌లో సార్ దిగిన లాడ్జికి మోపెడ్ ఎంత స్పీడులో తోలానో నాకే తెలీదు. ఆయన ఇడ్లీ తింటున్నాడు. ఊపిరాడకుండా మొత్తం చెప్పాను. రంపం కోత గురించీ చెప్పాను.

"అది నేను నిన్ననే చూశాను" అన్నాడు.

"చూశారా?"

"చూశాను. కానీ నేను చూసింది నా అభిప్రాయం, దీక్షితా. ఆమె చెప్పింది సాక్ష్యం. వేలిముద్ర ఉంది."

"సార్, ఆమె ఆ చెట్ల పూచీ ఎత్తుకుంది, కొట్టలేదు!"

"అర్థమైంది. చాలా ఆసక్తిగా ఉంది." చట్నీ అద్దుకున్నాడు. "ఆమె తన మాట వెనక్కి తీసుకుంటే ఆ పేరు కొట్టేస్తాను. లేదా చెట్లు తీసుకెళ్లింది వేరేవాళ్లని కళ్లారా చూసినవాళ్లెవరైనా చెప్పాలి. మధ్యాహ్నం తోట వరసలు కొలవడానికి వస్తాను. సాయంత్రం నాలుగుకి నా కారు. రిపోర్టు ఆన్‌లైన్‌లో ఎక్కాక నేనేం చెయ్యలేను."

ఆసక్తిగా ఉందట. అరవై దాటిన మనిషి మీద దొంగ పేరు పడుతుంటే, ముప్పై ఇళ్లకి గుట్ట మూసేస్తుంటే, ఆసక్తిగా ఉందట!

ఎంకవ్వ మా పెద్దబాపు కళ్లంలో ఉంది. గుట్ట కిందే మా పసుపు చేను, చేను పక్కనే కళ్లం. పెద్ద ఇనుప కడాయిలో పసుపుకొమ్ములు ఉడుకుతున్నాయి, ఎంకవ్వ కింద మంట ఎగదోస్తోంది. మా పెద్దబాపు కాశీరాం తుండుగుడ్డ తలకి చుట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెద్దమ్మ గంగమణి కుప్ప మీద కూర్చుని కొమ్ములు విరిచి వేరు చేస్తోంది.

నేను ఎంకవ్వ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు కొట్టలేదని ఒక్కసారి చెప్పవా సార్‌కి?"

"ఎట్ల చెప్త బిడ్డా? నిన్న చెప్పింది ఇయ్యాల కాదంటనా?"

"తీగ చూశావు కదా. అది తియ్యరు. ఎప్పటికీ తియ్యరు. నీ మీద కేసు పెడతారు."

మంట ఎగదోయడం ఆపింది. తర్వాత మెల్లగా అంది. "నేను వాపసు తీసుకుంటే నా ఎనుక వరుసల ఎవలున్నరో ఎర్కేనా? రూత్. గామె మీద పడుతది. చిన్నపిల్లల తల్లి. నేనంటే ముసల్దాన్ని, ఏం జేస్తరు నన్ను?"

"అలా వరుస ప్రకారం రాయరవ్వా, సార్ రాసేది..."

"సార్ సంగతి సార్‌ది. గుట్ట మీద అన్న మాట గుట్ట మీదనే ఉండాలె. కష్టమొచ్చిందని నేను తప్పుకుంటే రేపు ఎవలు ముందలికొస్తరు? దొంగను దేవులాడుకుంట కూసుంటే వానకాలం ఆగుతదా?"

నాకు ఏడుపొచ్చింది, కోపంతో. తల తిప్పుకున్నాను. అప్పుడు కనిపించింది కట్టెల కుప్ప. పొయ్యి పక్కన నా ఎత్తున పేర్చి ఉంది. అవి ఏరిన ఎండుపుల్లలు కావు. దుంగలు. ఒక్కో దుంగ చివర పళ్లెంలా చదునుగా ఉంది, మొసలి తోలులాంటి నల్ల బెరడు లోపల గోధుమ రంగు. లేచి వెళ్లి చేత్తో తడిమాను.

"పెద్దబాపూ, ఈ కట్టెలెక్కడివి?"

"కట్టెలు కట్టెలే. ఎక్కడియైతే ఏంది?"

"నల్లమద్దివి. గుట్ట మీదివి. ఎవరిచ్చారు?"

"గంగాకిషన్ ఏసిపోయిండు రెండు ట్రిప్పులు. ట్రాక్టర్‌కు మన చేన్లకెళ్లి దారిచ్చిన, అందుకని. పసుపు ఉడకబెట్టాలె గదా. నువ్వొచ్చి ఊదుతవా పొయ్యి?"

"నువ్వు చూశావు! వాళ్లు కొట్టి తీసుకెళ్తుంటే చూశావు! నిన్న ఎంకవ్వ వేలిముద్ర వేసిందని పొద్దున నేను చెప్తే టీ తాగుతూ ఊకొట్టావు!"

"మెల్లగ మాట్లాడు" అన్నాడు పెద్దబాపు. "కంపెనీతోని మనకెందుకు బిడ్డా లొల్లి. రేపు దారి మనకు గూడ కావాలె. గామె అన్నది గామె ఇష్టం. వాళ్ల పద్ధతి వాళ్లది."

"అవ్వా, నీకు తెలుసా?" అన్నాను ఎంకవ్వతో.

"పొయ్యిల వెట్టినప్పుడే ఎర్కైంది" అంది ఎంకవ్వ, పొయ్యిలోకే చూస్తూ. "మద్ది పొగ నాకెర్కలేదా?"

తను కొట్టానని చెప్పిన చెట్టునే తన చేత్తో పొయ్యిలోకి తోస్తూ కూర్చుంది పొద్దుటినుంచి. నేను అరిచాను. ఏమన్నానో వరసగా గుర్తులేదు. మన పసుపు అంకాపూర్ దాకా పేరు, మన పసుపు మార్కెట్‌కి పోతే ముందు మనదే పాట అని గొప్పలు చెప్పుకుంటావు, ఇన్నేళ్ల నుంచి ఆ గుట్ట కట్టెతోనే ఉడకబెట్టావు, ఒక్క గుంత తవ్వావా, ఒక్కసారి వరుసలో నిలబడ్డావా, కొట్టడానికి దారిచ్చింది నువ్వు, కాల్చేది నువ్వు, పేరు మాత్రం ఆమెదా అన్నాను. పెద్దబాపు మొహం ఎర్రబడింది. "పట్నం పోయి చదివి పెద్దోళ్లను కూసుండవెట్టి అడుగుడు నేర్చినవ్" అన్నాడు. "మీ నాయినకు ఫోన్ చేస్త ఆగు."

చప్పుడైంది. పెద్దమ్మ లేచి, పొయ్యిలోంచి పెద్ద దుంగని ఇనుప చువ్వతో బయటికి లాగింది. నిప్పురవ్వలు లేచాయి. ఇంకో దుంగ లాగింది. పక్కనున్న బిందె ఎత్తి కుమ్మరించింది. బుస్సుమని ఆవిరి.

ఎంకవ్వ లేచి చెయ్యి పట్టుకుంది. "వద్దు గంగమణమ్మా! నురగ రాలే ఇంకా, పసుపు ఖరాబైతది!"

అది నాకూ తెలుసు. నురగొచ్చి వాసన లేచే దాకా పసుపు ఒక్క పట్టున ఉడకాలి. నడుమ మంట పోతే కొమ్ము లోపల పచ్చిగా ఉండిపోతుంది, రంగు రాదు, ఎండాక పురుగు పడుతుంది.

"కానియ్ ఖరాబు" అంది పెద్దమ్మ. "గీ పసుపు ఎవల గడపకు పోతదో, ఏ పెండ్లిపిల్ల ముఖానికి పోతదో. నీ మీద దొంగపేరు వెట్టి ఉడకవెట్టింది నా ఇంట్లకెళ్లి ఎల్లద్దు."

"పిచ్చి లేసిందానే నీకు?" అన్నాడు పెద్దబాపు. "కడాయి పోతది! ఎనుక కుప్ప చూసినవా, తవ్వి నాలుగు రోజులైంది!"

"చూసిన. నేనే తవ్విన గదా. పోయి సార్‌కు ఒక్క మాట చెప్పిరా, మళ్ల అంటువెడ్త. నువ్వు చెప్పకపోతే కుప్ప కుప్ప గిట్లనే మురగనియ్. నాకేం ఫికర్ లేదు."

"గంగాకిషన్ ఊకుంటడా?"

"ఊకోకుంటే ఏం జేస్తడు? గాయన నీకు బామ్మర్దా? పో."

పెద్దబాపు కడాయి వైపు చూశాడు. మీద బుడగలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఎంకవ్వ వైపు చూడలేదు, చూడలేకపోయాడు. తుండుగుడ్డ విప్పి భుజం మీద వేసుకుని గుట్ట వైపు నడిచాడు. వెనక నేను, నా వెనక ఎంకవ్వ "పటేలా, ఆగు పటేలా" అనుకుంటూ.

నంబియార్ సార్ అప్పటికే టేపు పట్టుకుని కొత్త నీలగిరి వరసలు కొలుస్తున్నాడు, గంగాకిషన్ అవతలి కొస పట్టుకున్నాడు. తీగ ఇవతల రూత్, ఆడవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. పెద్దబాపు తీగ దగ్గర ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. నేను అనువాదానికి పక్కన నిలబడ్డాను.

"సార్‌కు చెప్పు" అన్నాడు. "గీ చెట్లు ఎంకవ్వ కొట్టలే. కంపెనీ మనుషులు మిషిన్ తెచ్చి కొట్టిన్రు. మూడు రోజులు కొట్టిన్రు. నా చేన్లకెళ్లే ట్రాక్టర్ పోయింది. దారి నేనే ఇచ్చిన. రెండు ట్రిప్పుల కట్టె నా కళ్లంల పడ్డది, కావాలంటే వచ్చి చూసుకోమను. కాల్చింది కాల్చిన, మిగిలింది ఉంది."

ఒక్క మాట వదలకుండా చెప్పాను. మెల్లగా, ఆగి ఆగి, ఈసారి.

గంగాకిషన్ టేపు వదిలేశాడు. "ఏం మాట్లాడుతున్నవ్ కాశీరామన్నా, తాగినవా పగటీలి? సార్, హీ ఈజ్..."

"దిక్కులు చూడకు గంగాకిషన్, నీ ట్రాక్టర్ చక్రం నా గట్టు తెంపింది, గదింకా గట్లనే ఉంది. అది గూడ చూపియ్యాల్నా?"

ఎంకవ్వ ముందుకొచ్చింది. మొహంలో సంతోషమేం లేదు, చిరాకు ఉంది. "ఏంది పటేలా, వరుసల లేనోడివి నడుమ జొరవడితివి? మోళ్లు నాయి. నేనెత్తుకున్న."

"ఎత్తుకుంటే ఎత్తుకో అవ్వా" అంది రూత్. "గుంతలు మాత్రం పటేల్‌తోని తవ్విపిద్దాం. నలభై మూడు పదులు. నడుము ఉంటదో పోతదో." ఆడవాళ్లు పక్కున నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు, తల దించుకున్నాడు.

నంబియార్ సార్ కళ్లం దాకా నడిచొచ్చి, దుంగలు చూసి, టేపుతో కొలిచి, ఫొటోలు తీసుకున్నాడు. ఫైలు తెరిచి ఎంకవ్వ పేరు మీద గీత కొట్టి పక్కన సంతకం పెట్టాడు. పెద్దబాపు సంతకం తీసుకున్నాడు. "తీగ తీసేయించండి" అని గంగాకిషన్‌తో అన్నాడు, అంతే మర్యాదగా. ఎవరో వచ్చి తీసేదాకా ఆగలేదు ఆడవాళ్లు. రూత్ కర్ర పీకింది, మిగతావాళ్లు తీగ చుట్ట చుట్టి జీపు బానెట్ మీద పెట్టి గుట్ట ఎక్కారు.

ఆ కడాయి పసుపు పోయింది. పెద్దమ్మ దాన్ని పెంటకుప్పలో పోయించి, చేను గట్టు మీది తుమ్మకంప తెచ్చి మిగతా పసుపుకి మంట పెట్టింది.

నేను ఉద్యోగం మానేశాను. పదకొండు నెలల తర్వాత కంపెనీకి సర్టిఫికెట్ వచ్చింది. నిజం, వచ్చింది! సంస్థ వెబ్‌సైట్‌లో రిపోర్టు నేనే డౌన్‌లోడ్ చేసి చదివాను. డెబ్బై నాలుగు పేజీలు. నలభై మూడు నల్లమద్దుల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, 'సరిహద్దు వద్ద స్వల్ప నష్టం, దిద్దుబాటు చర్య పూర్తయింది' అని. ఆ దిద్దుబాటు ఏంటంటే గంగాకిషన్‌ని వేరే తోటకి బదిలీ చేశారు. వాళ్లు నాటిన నీలగిరి వరసలు పీకలేదు, అవిప్పుడు నా కంటే ఎత్తు. ఎంకవ్వ పేరు డెబ్బై నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు, దొంగగా లేదు, గుట్టను లేపిన మనిషిగా కూడా లేదు.

నంబియార్ సార్ మెయిల్ పెట్టాడు. కనీసం ఆమె పేరు తీసేయగలిగాం కదా, సంతోషించు అని.

నేను సంతోషించను.